మూడో శనివారం

నూట ముప్పై ఎనిమిది జవాబు పత్రాలు
వంటింటి గట్టు మీద, పప్పు ఉడికే కుక్కర్ పక్కన.
రెండో విజిల్‌కి ఏడో తరగతి బి సెక్షన్ మొదలుపెట్టాను.
నాలుగోది ఎప్పుడొచ్చిందో తెలీదు,
మాడు వాసన చెప్పింది.

చిన్నోడికి పళ్లొస్తున్నాయి.
భుజం మీద వాడి చొంగ, చేతిలో ఎర్ర పెన్ను.
భిన్నాల కూడికలో మళ్లీ అందరూ
పైవి పైవి, కిందవి కిందవి కలిపేశారు.
అరకి మూడోవంతు కలిస్తే ఐదింట రెండట!
ఇంటూ పెట్టాను, పెడుతూ ఆగాను.
సగం బడి, మూడోవంతు ఇల్లు,
నేను సరిగ్గా కలిపినా
ఒకటి కావట్లేదు.

పదిన్నరకి హెచ్చెమ్ గారి మెసేజ్:
యూనిఫాం కొలతలు పొద్దునకల్లా ఎక్కించాలి.
పదకొండుకి ఇంకోటి:
ఉడికిన గుడ్లెన్ని, తిన్న పిల్లలెందరు,
రెండూ సరిపోలాలి.
మా చైత్ర ఇవాళ అన్నం తిన్నదా అని
ఏ గడిలోనూ లేదు.
తినలేదు. పెరుగు తాగి,
నా కాళ్ల దగ్గర పత్రాల మీదే నిద్రపోయింది,
పెన్ను మూత నోట్లో పెట్టుకుని.

సురేందర్‌ది రాత్రి డ్యూటీ.
మేం కలుసుకునేది గేటు దగ్గర,
తాళాలు చేతులు మారేటప్పుడు.
"జ్వరం తగ్గిందా?" అంటాడు.
ఎవరికి అని అడిగే టైం ఉండదు.
చిన్నోడు పక్కింటి సాబేరా ఆపా చంకలోకి,
చైత్ర వ్యాన్‌లోకి,
నేను హబ్సిగూడ మెట్లెక్కుతాను.
పరేడ్ గ్రౌండ్ దాటేలోపు పదకొండు పత్రాలు, నిలబడే.
యూసుఫ్‌గూడలో దిగేసరికి
ఎవరిదో చీర కొంగుకి నా ఎర్ర గీత.
ఆమె చూడలేదు. నేను చెప్పలేదు.

బోరబండ బడిలో ఇవాళ తల్లిదండ్రుల మీటింగు.
నలభై ఆరు కుర్చీలేశాం.
తొమ్మిది నిండాయి.
"వీళ్లకి పిల్లల చదువంటే పట్టింపే లేదు"
అన్నది నేనే, స్టాఫ్ రూమ్‌లో, టీ తాగుతూ,
అందరికీ వినపడేలా.
"మీ అమ్మేదిరా లింగస్వామీ?"
"ఫంక్షన్ హాల్ల గిన్నెలు తోముతున్నది టీచర్.
రాత్రి పెండ్లయింది, ఇంకా ఒడవలే."
'రానివారు' గడిలో ఎర్రగా ఒక సున్నా చుట్టాను.

అప్పుడే సంచిలో ఫోను వణికింది.
చైత్ర స్కూలు నుంచి:
ఈరోజు సమావేశానికి మీరు హాజరు కాలేదు.
కారణం తెలుపగలరు.

ఎర్ర సిరా చెరిపితే పోదు.
సున్నా పక్కన ఇరుకులో రాశాను:
పనిలో ఉంది.
ఫోన్‌లోనూ అదే టైపు చేశాను.
ఒక్క అక్షరం మార్చాను, అంతే.
ఉంది. ఉన్నా.

పత్రాలు పంచాక లింగస్వామి లేచాడు.
"టీచర్, ఇది ఎవలు గీసిండ్రు?"
నాలుగో లెక్క మీద, అతని తప్పు మీద,
నా ఇంటూ మీద
పెద్ద ఎర్ర గుండ్రన, చుట్టూ గీతలు.
"మా పాపరా. మన్నించు."
వాడు కాగితం అటు తిప్పి ఇటు తిప్పి చూశాడు.
"కోడా టీచర్? ఎండనా?"
తెలీదన్నాను.
నేను అడగలేదు. అసలు చూడనే లేదు.

ఆ రాత్రి కుక్కర్ పెట్టలేదు.
కట్ట విప్పలేదు.
గుడ్ల లెక్క రేపు హెచ్చెమ్ గారు అడిగితే అడుగుతారు.
నేల మీద కూచుని అడిగాను.
చైత్ర నావైపు జాలిగా చూసింది,
వెనక బెంచీ పిల్లల్ని నేను చూసినట్టు.

సోమవారం, హాజరు తీసుకోకముందే చెప్పాను:
"కోడి కాదురా, ఎండా కాదు. కుక్కరు.
పైన గీతలు విజిల్ అట."
క్లాసంతా నవ్వింది.
లింగస్వామి మాత్రం
పుస్తకంలో మడిచి దాచిన కాగితం తీసి
మళ్లీ చూసుకున్నాడు.
"అవ్, కుక్కరే" అన్నాడు.
"టీచర్, గిప్పుడు చెప్పుర్రి,
అర, మూడోవంతు ఎట్ల కలపాలె?"